తొలి పూత గుట్టది

"ఈ బస్సుకు దావలో ఏమన్నా అయితే ఈ మొగ్గల గతేమి?"

మునిలక్ష్మమ్మ ఆ మాట పైకే అనేసింది. బస్సు ఇంకా హోసూరు బస్టాండులోంచి కదలనే లేదు, డ్రైవరు కింద నిలబడి టీ తాగుతూనే ఉన్నాడు. అప్పుడే ఆమె మనసులో బస్సు ముందుపోయే లారీని గుద్దుకుంది, అద్దాలు పగిలాయి, జనం అరిచారు, అంబులెన్సు కూడా వచ్చింది. ఆ గందరగోళంలో తనకేమైందో ఆమె చూసుకోలేదు గానీ, ఒళ్ళో ఉన్న పెయింటు బకెట్టు రోడ్డు మీద బోర్లా పడి, మన్ను చెదిరి, తీగ చక్రాల కింద నలగడం మాత్రం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పక్క సీటావిడ కృష్ణగిరిలో గుడ్డల అంగడి వాళ్ళామె, పేరు మనోరమ అని ఎక్కగానే చెప్పింది. కాళ్ళ దగ్గర రెండు పెద్ద సంచులు పెట్టుకుని కూర్చున్న ఆమె తిరిగి చూసి, "మన గతేమని అడగాల గానీ మొగ్గల గతేమి మా?" అని నవ్వింది. మునిలక్ష్మమ్మ నవ్వలేదు. బకెట్టును కడుపుకు ఇంకొంచెం దగ్గరగా లాక్కుని మొగ్గలు మళ్ళీ లెక్కపెట్టింది. పదిహేడు. మూకండపల్లిలో మిద్దె దిగేటప్పుడు పదిహేడే, ఆటోలో పదిహేడే. సన్నగా, పొడుగ్గా, మొనల దగ్గర ఎవరో చిటికెడు కుంకుమ అద్ది తుడిచేసినట్టు. ఈ సాయంత్రమే విచ్చుకుంటాయి. అప్పటికి ఈ బకెట్టు కృష్ణగిరిలో కూతురు అమృత ఉండే హాస్టలు గేటు దగ్గర ఉండాలి. అమృత గేటు దాకా రావాలి. వచ్చి, ఏదో ఒకటి, తిట్టినా సరే, ఒక్క మాట మాట్లాడాలి.

రాకపోతే? రాకపోతే వార్డెనమ్మ చేతికి ఇచ్చి వెనక్కి రావాలి, వార్డెనమ్మ ఈ పాత బకెట్టేందని గోడ బయట పెట్టిస్తుంది, అక్కడ మేకలు తిరుగుతుంటాయి, మేక నోటికి అడవిమల్లి ఒక లెక్కా. లేదా అమృత గేటు దాకా వచ్చి, బకెట్టు తీసుకుని, తన ముఖం చూడకుండానే లోపలికి పోతుంది. అది మేక తినడం కంటే అన్యాయం. బస్సు కదిలింది. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చి బకెట్టు చూసి, "ఏమ్మా, ఈ పిల్లకు ఎన్నేళ్ళు? అర టికెట్టా?" అన్నాడు. ముందు సీటు వాళ్ళు నవ్వారు. ఎనిమిదేళ్ళు, అనబోయి ఆగింది మునిలక్ష్మమ్మ. ఎనిమిదేళ్ళే కదా. అమృతకు అప్పుడు పన్నెండు, ఇప్పుడు ఇరవై. అత్త పొలం వెనక సూళగిరి గుట్ట కింద, కంచె రాళ్ళ మీద అల్లుకుని ఉండేది ఈ తీగ. ఎవరూ నాటింది కాదు, ఎవరూ నీళ్ళు పోసింది కాదు. ఫ్యాక్టరీల కోసం ఆ నేలంతా తీసుకున్నారు. కంచె తీసేయడానికి పసుపు మిషను వచ్చిన పొద్దున పెద్దవాళ్ళందరూ చింతచెట్లను చూసి ఏడుస్తుంటే ఈ పిల్ల ఒక్కతే గరిటె తీసుకుపోయి రాళ్ళ సందున తవ్వింది. గరిటె కాడ విరిగింది. వేళ్ళతో తవ్వింది. పామో తేలో ఉంటుందని తను ఎంత అరిచినా వినకుండా, మన్నుతో సహా పెళ్ళగించి, స్కూలు టిఫిను డబ్బాలో పెట్టుకుని వచ్చింది. దావంతా ఇట్లాగే, ఒళ్ళో పెట్టుకుని.

మూకండపల్లి అద్దింటి మిద్దె మీద ఆ తీగ బతికింది. అత్త కోటమ్మ మాత్రం మూడేళ్ళే బతికింది. ఆ మూడేళ్ళూ పొద్దు వాలేసరికి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి తీగ పక్కన కూర్చునేది. మొదటిసారి పూసిన రోజు అమృత జడలో పెట్టుకుంటానని చెయ్యి చాపితే చేతి మీద చిన్నగా కొట్టింది. "తొలి పూత గుట్టది. మనం చెయ్యి పెట్టకూడదు. మలి పూత నుంచి మన జడకు." పిల్ల ఊరుకుంటుందా? "గుట్ట యాడుందవ్వా ఈడ? ఈడుండేది వాటరు ట్యాంకు." "గుట్ట యాడికీ పోదు మేయ్. వాసన పోయి దాన్ని చేరుకుంటాది." అవ్వా మనవరాలూ ఆ పూలు తీగ మీదనే విచ్చుకుని, తీగ మీదనే వాడి, రాలే దాకా అట్లాగే చూస్తూ ఉన్నారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. అవ్వ పోయినాక కూడా అమృత ఏనాడూ తొలి పూత ముట్టలేదు. అందుకే ఈ రోజు బకెట్టుతో సహా బస్సెక్కాల్సి వచ్చింది. పొద్దున మొగుడు రామచంద్రప్ప కంపెనీకి పోతూ ఎంత ఎగతాళి చేశాడు. "ఫోటో తీసి పెట్టవే చాలు. బకెట్టు మోసుకుని పోతే నిన్ను సున్నం కొట్టేదానివనుకుని పనికి పిలుస్తారు." ఫోటోకు వాసన ఉంటాదా, అంది తను. ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగి, నవ్వడం మానేసి, "జాగ్రత్తగా పో," అన్నాడు. ఆయనతో మాట్లాడుతుంది అమృత. రోజూ మాట్లాడుతుంది. తిన్నావా నాయనా, మోకాలు ఎట్లుంది నాయనా. పక్కన కూర్చుని ఆ ఫోనులోంచి వచ్చే గొంతు వినడం, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు తల దించుకుని వినడం, అది ఎవరికి చెప్పుకోవాలి? ఆయన ఒకటి రెండు సార్లు "మీ అమ్మకు ఇస్తా ఉండు" అన్నాడు. అంతే, లైను పోయేది. సిగ్నలు సరిగా లేదు అనేవాడు ఆయన, పాపం.

బస్సు పేరండపల్లి దాటింది. గాలి కొడుతోంది, ఆషాఢపు గాలి. మునిలక్ష్మమ్మ ఎక్కగానే కిటికీ అద్దం బిర్రుగా మూసేసింది, ఆ ఉక్కకు మనోరమ చీటికీ మాటికీ కొంగుతో విసురుకుంటోంది. "కొంచెం తీయకూడదా మా? ఉడికిపోతా ఉండాము." ఆ ఒక్క మాటకు మునిలక్ష్మమ్మ బకెట్టు అంచు గట్టిగా పట్టుకుంది. "మొగ్గలు రాలిపోతాయమ్మా," అంది సన్నగా. మనోరమ తీగను పైనుంచి కిందికి చూసింది. "ఇది అడవిమల్లి కదూ? దీని వాసనకు పాములొస్తాయంటారే. ఇంట్లో ఎట్ల పెట్టుకున్నావు తల్లీ, నీ ధైర్యం మెచ్చుకోవాల."

ధైర్యం. తన ధైర్యం. కార్తీకంలో ఒక పొద్దున కింది వాటా పాపక్క గుడ్డలారేయడానికి మిద్దెక్కి, కెవ్వున అరుచుకుంటూ కిందికొచ్చింది. "ట్యాంకు కింద నల్లగా కదిలింది లక్ష్మమ్మా! ఇంత లావు! నీ మల్లెతొట్టి కల్లా పోయింది!" ఆ క్షణంలో మునిలక్ష్మమ్మ మూకండపల్లిలో లేదు. పుట్టింటి వెనక దిబ్బ మీద ఉంది, తొమ్మిదేళ్ళది, పక్కింటి పిల్ల తనకంటే ఏడాది చిన్నది, ఇద్దరూ మునిమాపు వేళ పూలు కోస్తున్నారు, "ఏందో గుచ్చుకుంది" అని ఆ పిల్ల చెయ్యి విదిలించింది, పూలు ఒడిలోంచి రాలాయి, ముల్లేమోలే అంది తను. ముల్లేమోలే. ఆ పిల్లను ఎత్తుకుపోయిన బండి తిరిగి వచ్చేటప్పటికి ఎవరూ ఏడవడం లేదు, అంతకు ముందే ఏడ్చేశారు. అప్పటి నుంచే కాబోలు తనకు దేన్నీ ముల్లేమోలే అనుకోవడం చేతకాదు. జ్వరమంటే పెద్దరోగమే. ఫోను మోగితే ఆసుపత్రి నుంచే, మోగకపోతే ఇంకా పెద్ద ఆసుపత్రి నుంచి. అమృత ఆదివారం వస్తుంది, వస్తే నేరుగా మిద్దెక్కుతుంది, ఆ తీగలో చెయ్యి పెడుతుంది. ఇంకేమీ తోచలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వార్చిన గంజి కళపెళా మరిగే గిన్నెతోనే మిద్దెక్కి, కళ్ళు మూసుకుని, తొట్టిలో మొదలు చుట్టూ పోసేసింది. చాలదని కిందికి దిగి, నీళ్ళు మరగబెట్టి, మళ్ళీ పోసింది. పాము రాలేదు. కూరాకు ఉడికిన వాసన వచ్చింది.

మూడో రోజుకు తీగంతా నల్లబడింది. ఆదివారం అమృత వచ్చి తొట్టి ముందు కూర్చుంది. ఏమైందమ్మా అని అడిగింది. అప్పుడు చెప్పి ఉంటే. పాపక్క అరిచింది, భయమేసింది, పోసేసినాను, తప్పైపోయింది అమ్మూ, అని అప్పుడే చెప్పి ఉంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదేమో. నోట్లోంచి వచ్చిందేమో, "ఎండకు పోయిందిలే." కార్తీకం! పొద్దున్నే పొగమంచుకు ఎదుటి ఇల్లు కనబడదు, ఎండ! అమృత తొట్టిలోని మన్ను మీద తెల్లగా ఎండి అట్టకట్టిన పొరను గోటితో గీకింది. గీకి, వేలు పైకెత్తి చూపించింది. "ఎండకు గంజి కారుతాదామ్మా?"

కోపంగా అనలేదు. మెల్లగా అంది. అదే ఆఖరు. ఆ సాయంత్రమే సంచి సర్దుకుని కృష్ణగిరి పోయింది. ఎనిమిది నెలలు. ఉగాదికి డ్యూటీ ఉందని నాయనకు చెప్పింది, ఆసుపత్రిలో నర్సమ్మల చదువుకు ఉగాదీ లేదూ ఏమీ లేదట. తను ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. మోగినంతసేపూ ఆ ఫోను పిల్ల దిండు పక్కనో, తెల్ల కోటు జేబులోనో కదులుతుంటుందని, దాని వెలుగులో తన పేరు కనిపిస్తుంటుందని అనుకోవడమే ఒక రకంగా బిడ్డను చూసినట్టు ఉండేది. అమ్మ అని రాసుకుందో, పేరే తీసేసిందో.

కోనేరిపల్లి. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. మొగ్గలు పదిహేడు. "పాము కాదమ్మా అది," అంది మునిలక్ష్మమ్మ ఉన్నట్టుండి. మనోరమ ఎప్పుడో అన్న మాటకు ఇప్పుడు జవాబేందో అర్థంకాక చూసింది. కాదు, ఆ రోజు పాపక్క చూసింది పాము కాదు. ఉగాది ముందు మిద్దె కడుగుతూ ట్యాంకు కిందికి చీపురు పెట్టినప్పుడు నల్లగా, వంకరగా, ఇంత లావున కనబడితే తను కూడా చీపురు పారేసి మెట్ల దాకా పరిగెత్తింది. మెట్ల మీద నిలబడి చూస్తే, పాము తలకు రెండు ఆకులున్నాయి. లేత ఆకులు, మెరుస్తూ. తొట్టిలోంచి ఎప్పుడో జారి, గోడ వెంబడి పాకి, ట్యాంకు కిందికి దూరిన పాత కొమ్మ అది. అక్కడ గాలికి చేరిన పిడికెడు దుమ్ములో వేరు దించుకుంది. దాన్ని చూసే పాపక్క అరిచింది, దానికి భయపడే తను గంజి పోసింది, ఆ గంజి తగలకుండా మిగిలింది అదొక్కటే. మునిలక్ష్మమ్మ ఆ తడి మిద్దె మీద కూలబడి ఎంతసేపు ఉందో తెలియదు. మూడు రోజులు మొగుడికి కూడా చెప్పలేదు. చెప్తే అది చచ్చిపోతుందేమోనని.

తర్వాత బకెట్టులోకి మార్చి, ఇక దాన్ని బతకనిస్తేనా. పొద్దున నీళ్ళు, మధ్యాన్నం నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. పేడ, టీపొడి, గుడ్డుపెంకులు. ఎండ తగిలితే కొంగు కప్పింది, వాన పడితే గొడుగు పట్టింది. వారానికి ఆకులు పసుపుపచ్చగా రాలడం మొదలుపెట్టాయి. రాలేకొద్దీ ఇంకా పోసింది. ఒక రోజు చూస్తే చెంబు లేదు. "గుట్ట మీద దీనికి ఎవరు చెంబుతో పోసినారే?" అన్నాడు రామచంద్రప్ప. చెంబు దాచింది ఆయనే. "బండలో పుట్టిండేది. కొంచెంసేపు దాని మానాన దాన్ని వదిలెయ్. నువ్వు ఈడ నిలబడుకుని చూస్తా ఉంటే నాకే ఊపిరాడలే, దానికి ఆడుతాదా?" వదిలేయడం. అన్నిటికంటే కష్టమైన పని. అయిదు రోజులు మిద్దెక్కలేదు. కింద వంటింట్లో నిలబడి, పైన అది ఎండిపోతున్న చప్పుడు వినిపిస్తున్నట్టు, కొంగు మెలిపెట్టుకుంటూ. ఆరో రోజు ఎక్కితే ఎర్రటి కొన చిగురు వేలెడంత లేచి ఉంది. ఆ రోజే అనుకుంది, ఇది పూసిన నాడు అమృత దగ్గరికి తీసుకుపోవాలని. చెప్పాల్సింది చెప్పాలని. ఎట్లా మొదలుపెట్టాలో మాత్రం ఇప్పటికీ తోచలేదు.

ఫోను తీసి పిల్ల నెంబరు నొక్కింది. మోగింది. మోగి ఆగింది. మళ్ళీ. ఇంకా మళ్ళీ. నాలుగోసారి చేయబోయి, ఇన్నిసార్లు చేస్తే ఏమైందోనని హడలిపోతుందేమో అని ఆపేసింది, అట్లా హడలిపోయి అయినా ఎత్తుతుందేమో అని మళ్ళీ చూసింది, సిగ్గేసి ఒళ్ళో పెట్టేసింది. ఏడో తరగతి దాకా హోసూరు తెలుగు బడిలో చదివింది తను. బిడ్డ చదివింది అరవమూ ఇంగ్లీషూ. తను రాస్తే అది చదవలేదు, అది రాస్తే తను చదవలేదు. అందుకే ఎప్పుడో అమృతే నేర్పింది, ఈ మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టి పట్టుకో మా, మాట్లాడు, వదిలెయ్, నాకొస్తాది, నేను వింటే నీలంగా రెండు గీతలు పడతాయి. వేలు పెట్టింది. నోరు తెరిచే లోపలే, "సూళగిరి! సూళగిరి ఇరంగు!" అని దిగేవాళ్ళను తొందరపెడుతూ కండక్టరు చెవి పక్కనే అరిచాడు, బస్సు కుదిపింది, వేలు జారింది, కండక్టరు అరుపు కృష్ణగిరికి పోయింది. అయ్యో దేవుడా. తొలి మాట అదా పోవాల్సింది.

తలెత్తి చూస్తే గుట్ట. శూలం లాంటి మొనలతో, ఎప్పటిలాగే, మబ్బు కింద నల్లగా. ఈ దావలో ఎన్నిసార్లు పోయినా అటు వైపు చూడకుండా తల తిప్పుకునేది. ఇప్పుడు చూసింది. కింద నీలం రేకుల కప్పులు, పొడుగాటి గోడ, గోడ మీద ఇనప ముళ్ళకంచె. అత్త కంచె ఎక్కడ? బావి ఆ గోడ లోపలా, బయటా? అమృత విరిగిన గరిటె పారేసింది ఎక్కడ? కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి, ఒక్క బండ కూడా ఆనవాలు చిక్కలేదు. ఇంకా అయిదున్నరే అయినా వానమబ్బుకు లోపల మునిమాపులా చీకటి కమ్మింది, అప్పుడు మనోరమ కొంగు విసరడం ఆపి, "అబ్బ, ఏమి వాసన మా!" అంది. ముందు సీటు వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. మునిలక్ష్మమ్మ కిందికి చూసింది. పై కొమ్మన మొగ్గ ఒకటి, రేకులు ఒక్కొక్కటే సడలించుకుని, సన్నటి తెల్లటి చుక్కలా విచ్చుకుంది. దాని పక్కది కూడా. వద్దు, వద్దు, ఇంకా కొంచెంసేపు ఆగండి, కృష్ణగిరి రానీ, దాన్ని చూడనీ, అని రెండు చేతులూ అడ్డం పెట్టింది, మబ్బును ఆపినట్టు, చీకటిని తోసినట్టు. మూడోది విచ్చుకుంది. ఆపడం తన చేతిలో లేదు. దీని పూత, దీని గుట్ట. వాసన పోయి చేరుకుంటాది మేయ్. కిటికీ అద్దం మూసి ఉంది. బిర్రుగా, తనే మూసింది.

మునిలక్ష్మమ్మ అద్దం పట్టుకుని జానెడు తోసింది. గాలి లోపలికి ఒక్కుమ్మడిగా దూకి తీగను కొట్టింది. రెండు మొగ్గలు రాలి సీటు కిందికి పోయాయి. అయినా మూయలేదు. ఇంకో జానెడు తోసింది. వాసన పోయింది, గోడల మీదుగా, రేకుల మీదుగా, పోయి చేరిందో లేదో, అత్త ఉంటే చెప్పేది. ఆ గాలిలోనే, జుట్టు నోట్లో పడుతుంటే, మైకు బొమ్మ మీద వేలు బిగించింది.

"అమ్మూ, నేనే. బస్సులో ఉండాను, సూళగిరి గుట్ట కాడ. ఎండకు పోలేదు అమ్మూ. నేనే పోసినాను. గంజి. మళ్ళీ వేణ్ణీళ్ళు కూడా. పామనుకున్నాను. పాము కాదది, ఈ కొమ్మే. నీ దగ్గర అబద్ధం చెప్పినాను. చెట్టును చంపింది ఒకటి, దానిమీద అబద్ధం ఒకటి. కొమ్మ ఒకటి బతికింది. పదిహేడు మొగ్గలేసింది. తొలి పూత గుట్టది కదా, నేను చెయ్యి పెట్టలే. నిజంగా పెట్టలే. నీళ్ళు కూడా పోయడం లేదు. ఇప్పుడు విచ్చుకుంటా ఉండాయి, నువ్వు చూసే లోపల అన్నీ విచ్చుకుంటాయేమో. అంతే చెప్పాలనుకున్నాను."

వేలు వదిలింది. మనోరమ కొంగుతో కళ్ళొత్తుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. గీతలు రెండూ బూడిద రంగులో ఉన్నాయి. కురుబరపల్లి వచ్చింది, బూడిద రంగే. డ్యూటీలో ఉందేమో. ఫోను లాక్కున్నారేమో. తను పంపింది వేరే ఎవరికో పోయిందేమో, ఆ మాటలు ఏ గుర్తు తెలియని మనిషి వింటున్నాడో. ఒళ్ళు బాగాలేక పడుకుని ఉందేమో, చెప్పేవాళ్ళు లేక. టోలుగేటు దగ్గర లారీల వెనక బస్సు ఆగిపోయింది. అప్పుడు గీతలు నీలంగా మారాయి. విన్నది. విన్నది! ఊపిరి బిగబట్టి చూసింది. ఏమీ రాలేదు. ముందు లారీ కదిలింది, బస్సు కదిలింది, మళ్ళీ ఆగింది. ఆరు పూలు, ఏడు. విని కూడా ఏమీ అనలేదంటే ఇక అనదు. వెనక్కి పోయే బస్సు ఎన్నింటికి ఉందో కండక్టరును అడగాలి. అడగబోయింది.

ఫోను మోగింది.

ఎత్తి చెవికి పెట్టుకుంది. అవతల మాట లేదు. ఎక్కడో ట్రేల చప్పుడు, ఎవరో దూరంగా సిస్టర్ అని పిలుస్తున్నారు, దగ్గరగా ఊపిరి. ఆ ఊపిరి తనకు తెలుసు, ఇరవై ఏళ్ళుగా తెలుసు. అమ్మూ తిన్నావా, అమ్మూ జ్వరమా, అమ్మూ ఎందుకిట్లా ఊపిరి తీస్తా ఉండావు, అన్నీ నాలుక మీదికొచ్చాయి. మునిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిలెయ్. కొంచెంసేపు దాని మానాన దాన్ని వదిలెయ్. బస్సు టోలు దాటి వేగమందుకుంది, తెరిచిన అద్దంలోంచి గాలి హోరుమంటోంది, తీగ ఊగుతోంది, అవతల ఊపిరి ఒకసారి తెగి, ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడయింది.

"గాలి వినిపిస్తా ఉంది," అంది అమృత. "కిటికీ ముయ్యి మా. నేను బస్టాండుకొచ్చే లోపల అన్నీ రాలిపోతాయి."